నూటొక్క క్వెరీలకు పెద్ద సర్వరు జవాబు కాదు

“క్వెరీలు లెక్కపెట్టుకునే రోజులు పోయాయండీ. పేజీ నెమ్మదిస్తే సర్వరు పెంచుకోవడమే.” మొన్న తాడేపల్లిగూడెంలో ఒక కుర్ర ఇంజనీరు తేలిగ్గా అనేసిన మాట ఇది. పక్కనున్నవాళ్లు తలలూపారు. నాకు ఒళ్లు మండింది.

ఆ నెమ్మదించే సర్కారు పేజీ లోపల ఏం జరుగుతోందో ఒక్కసారైనా చూశాడా? యాభై మంది చేపల రైతుల జాబితా చూపించాలి. జాబితాకి ఒక క్వెరీ, అంటే డేటాబేస్‌కి వేసే ఒక ప్రశ్న. ఒక్కొక్కరి పేరు, ఫొటో కోసం విడివిడిగా యాభై. ఒక్కొక్కరి మండలం కోసం ఇంకో యాభై. వెరసి నూటొకటి! ఎన్ ప్లస్ వన్ అని పేరుపడ్డ పాత జబ్బే ఇది. ఐడీలన్నీ పోగేసి ఒకేసారి అడిగినా, జాయిన్ చేసినా మహా అయితే మూడు క్వెరీలతో తేలిపోతుంది. కానీ రాసినవాడికి ఆ నూటొకటీ కనపడవు. తను రాసింది ఒక్క లూపు. మిగతాదంతా ఫ్రేమ్‌వర్క్ చాటున జరిగిపోతుంది. తన ల్యాప్‌టాప్‌లో ఐదుగురు రైతులే ఉంటారు, డేటాబేసూ అందులోనే ఉంటుంది, పేజీ చిటికెలో వచ్చేస్తుంది. కైకలూరులోనో మండవల్లిలోనో కౌంటరు ముందు నిలబడ్డ మనిషికి మాత్రం “సర్వర్ రావట్లేదు, రేపు రండి” అన్న మాటే దక్కుతుంది. రేపు రావడమంటే లంక గ్రామం నుంచి ఇంకో రోజు కూలి పోగొట్టుకుని రావడం.

పెద్ద సర్వరట! బుడమేరు, తమ్మిలేరు, ఎక్కడెక్కడి డ్రెయిన్లూ కొల్లేరు సరస్సులో పడతాయి. సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. ఇక్కడా అంతే, వెబ్ సర్వర్లు పది పెట్టినా అన్నీ వచ్చి పడేది ఒక్క డేటాబేస్ మీదే. పోస్ట్‌గ్రెస్‌లో కనెక్షన్లకు ముందే పెట్టి ఇచ్చే పరిమితి 100, మైఎస్‌క్యూఎల్‌లో 151. పెంచుకోవచ్చు, పెంచినకొద్దీ మెమరీ తినేస్తుంది. ఇండెక్సులు పెట్టామంటారు. ఇండెక్సు ఒక్కో క్వెరీని త్వరగా తెమిలిస్తుంది గానీ నూటొకటిని ఒకటి చేయదు.

ఒకసారి తెచ్చిన జవాబును క్యాష్‌లో దాచుకుంటే పాత సమాచారం వస్తుందని ఇంకో భయం. బ్యాంకు ఖాతా, చెల్లింపుల సంగతి ఎప్పటికప్పుడు అడగాల్సిందే, ఎవరు కాదన్నారు? కానీ మండలం ఏ జిల్లాలో ఉందో రోజూ మారుతుందా? కైకలూరు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకి వచ్చింది 2022 ఏప్రిల్ 4న. ఆ రోజు పాత కాపీ తుడిచేస్తే సరిపోయేది. దానికోసం ప్రతి పేజీలో, ప్రతి రైతుకీ మళ్లీ మళ్లీ అడగడం ఏం పని? ఇలా దాచుకోవడానికే లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైటు కోసం బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ మెమ్‌క్యాష్‌డ్ రాసింది 2003లో. ఫేస్‌బుక్ అంత డబ్బున్న సంస్థ కూడా సర్వర్లు కొని ఊరుకోలేదు, దాన్నే తనకు తగ్గట్టు మలుచుకుంది. వాళ్లు పాటించిన పొదుపు, ప్రజల డబ్బుతో పేజీలు కట్టే మనకు అక్కర్లేకుండా పోయిందా?

పేజీ అప్పగించేటప్పుడు అడుగున అది వేసిన క్వెరీల సంఖ్య కనపడేలా పెట్టించండి. యాభై మందికైనా ఐదు వందల మందికైనా ఆ సంఖ్య మారకూడదు. పేర్లతో పాటు అదీ పెరుగుతుంటే ఆ పేజీ తీసుకోవద్దు, బిల్లు కట్టొద్దు.