ఎవరికీ చెప్పని అప్పు

ఇంట్లో మనల్ని పిలుచుకునే ముద్దుపేర్లు ఎంతమందికి తెలుస్తాయి? అయినవాళ్లకీ, ఇంటికొచ్చి భోంచేసి వెళ్లే స్నేహితులకీ. అంతేగా!

2012 అక్టోబరు 22. అమెరికాలోని ఫిలడెల్ఫియా దగ్గర కింగ్ ఆఫ్ ప్రష్యా అనే ఊరు. ఓ తెలుగువారి అపార్ట్‌మెంట్‌లో 61 ఏళ్ల నాయనమ్మ హత్యకు గురైంది. ఆమె చూసుకుంటున్న పది నెలల మనవరాలు కనిపించలేదు. యాభైవేల డాలర్లు ఇస్తేనే పాప దక్కుతుందని ఓ ఉత్తరం దొరికింది. అందులో పాప తల్లిదండ్రుల ముద్దుపేర్లున్నాయి. ఇది బయటి దొంగ పని కాదని పోలీసులకు అర్థమైంది. ఆ పేర్లు తెలిసినవాళ్లను విచారించుకుంటూ పోతే తేలిన పేరు... యండమూరి రఘునందన్. మన విశాఖ కుర్రాడే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వయసు 26.

అతణ్ని నాలుగు రోజులకే అరెస్టు చేశారు. పాప అప్పటికే చనిపోయింది. ఏడవకుండా నోట్లో రుమాలు కుక్కి, తలకు తువ్వాలు చుట్టి, సూట్‌కేసులో పెట్టి తీసుకెళ్లాడట. అదే అపార్ట్‌మెంట్ల వ్యాయామశాలలో ఆ పసిదాని శవం దొరికింది.

ఇంతకీ ఎందుకు చేశాడు? జూదం. క్యాసినోలో డబ్బు పోగొట్టుకున్నాడు. పోయినదాన్ని రాబట్టుకోవాలనుకున్నాడు. ఎత్తుకెళ్లి డబ్బు అడగడమే తన ఉద్దేశమనీ, పెనుగులాటలో పెద్దావిడ చనిపోయిందనీ మొదట పోలీసులకు చెప్పాడు. కోర్టులో మాట మార్చాడు. ఎవరో ఇద్దరు బెదిరించి తనతో చేయించారన్నాడు. తన కేసు తానే వాదించుకున్నాడు. జ్యూరీ నమ్మలేదు. 2014 అక్టోబరులో మరణశిక్ష వేయమంది. 2017లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది.

2018 ఫిబ్రవరి 23న శిక్ష అమలుకు తేదీ కూడా పెట్టారు. కానీ అమలు కాలేదు. ఆ రాష్ట్రంలో 2015లోనే గవర్నరు టామ్ వుల్ఫ్ మరణశిక్షల అమలును ఆపేశారు. తర్వాత వచ్చిన జోష్ షాపిరో కూడా తాను ఏ ఉత్తర్వు మీదా సంతకం పెట్టనని 2023లో ప్రకటించారు. అక్కడ చివరిసారి మరణశిక్ష అమలైంది 1999లో. తీర్పు ఉంటుంది, అమలు ఉండదు. మన దేశంలోనూ ఇలాంటి నిరీక్షణ మీద సుప్రీంకోర్టు 2014లో ఓ మాట చెప్పింది. క్షమాభిక్ష అర్జీని కారణం లేకుండా ఏళ్ల తరబడి నాన్చితే, అది శిక్ష తగ్గించడానికి ఆధారమేనంది. ఆ రోజు 15 మందికి ఉరి తప్పి యావజ్జీవమైంది.

అతణ్ని చంపాలా, వద్దా? వాదించుకోవచ్చు. ఎటు తేలినా, పాపను కన్నవాళ్ల ఒడి నిండదు. ఇక్కడ అతణ్ని కన్నతల్లి కడుపుకోతా తీరదు.

మనం ఆలోచించాల్సింది ఆ హత్యకు ముందు రోజుల గురించి. మన ఫిషింగ్ హార్బర్నే చూడండి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. బోట్లు జెట్టీకి కట్టేసి ఉంటాయి. చేతిలో పని ఉండదు, ఇంట్లో పొయ్యి ఆగదు. అప్పు చేయక తప్పదు. కానీ ఆ అప్పు వీధందరికీ తెలుసు. పెళ్లానికి తెలుసు, సరంగుకి తెలుసు. తెలిసిన అప్పుకి తిట్లుంటాయి, గొడవలుంటాయి. తీర్చే దారీ ఉంటుంది.

పరదేశంలో మంచి జీతం తెచ్చుకునే కుర్రాడి అప్పు ఎవరికి తెలుస్తుంది? చెబితే పరువు పోతుందని భయం. ఫోన్ చేస్తే "బాగున్నానమ్మా" అంటాడు. మనమూ అదే వినాలనుకుంటాం. ఇప్పుడు జూదానికి క్యాసినో దాకా వెళ్లక్కర్లేదు, చేతిలో సెల్‌ఫోన్ చాలు.

అందుకే ఈ ఆదివారం మీ పిల్లలకి ఫోన్ చేసినప్పుడు జీతం ఎంత పెరిగిందని కాదు, "అప్పులేమైనా ఉన్నాయా నాయనా?" అని అడగండి. ఉన్నాయంటే... ముందు తిట్టకండి.