వేరు మందు... వేల డాలర్లు

మత్తు మాన్పించడానికి ఇంకో మత్తుమందా? వినడానికి విడ్డూరమే. అయినా హెరాయిన్‌కి బానిసలైన పిల్లల్ని తీసుకుని, అప్పోసొప్పో చేసి మెక్సికో వెళ్లే అమెరికన్ తల్లిదండ్రులున్నారు. అక్కడ ఇచ్చేది ఐబొగైన్. గబాన్ దేశంలో బ్విటీ ఆచారాల్లో వాడే ఇబోగా పొద వేరు బెరడులో ఉంటుందిది. 1962లో హోవర్డ్ లాట్సాఫ్ అనే పంతొమ్మిదేళ్ల అమెరికన్ కుర్రాడు సరదాకి మింగితే హెరాయిన్ మీద యావే పోయిందట! అమెరికాలో ఇది నిషిద్ధం. మెక్సికోలో నిషేధమూ లేదు, మందుగా అనుమతీ లేదు. అందుకే టిజువానా, కాన్‌కున్‌లలో అన్ని క్లినిక్కులు.

మరి బిల్లు? వారం, పది రోజులకి సుమారు 5 వేల నుంచి 15 వేల డాలర్లు. విమానం టికెట్లు అదనం. తేడా అంతా సముద్రం కనిపించే గదిదే అనుకోకండి. ఐబొగైన్ గుండె లయను తప్పిస్తుంది. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. ముందు ఈసీజీ, రక్తపరీక్షలు, రాత్రంతా మానిటరు, పక్కనే డాక్టరు... చవక ప్యాకేజీలో ఇవి ఉన్నాయో లేవో చూడాలి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2024లో ప్రచురించిన అధ్యయనంలో 30 మంది మాజీ సైనికులకు గుండె రక్షణ కోసం మెగ్నీషియం కూడా ఇచ్చారు. అయితే అది మెదడు గాయాల గురించి, వ్యసనం గురించి కాదు.

పెరూలోని తకివాసి కేంద్రంలో లెక్కే వేరు. అయవాస్కాతోపాటు దాదాపు తొమ్మిది నెలల నివాసం. అన్నాళ్లూ సంపాదన ఉండదు, అదీ ఖర్చే.

ఇంకో మాట. కొన్నాళ్లు మానేసిన ఒంటికి పాత మోతాదే ప్రాణాంతకం కావచ్చు. ఇంటికొచ్చాక చూసేదెవరు, ఆ ఖర్చు ప్యాకేజీలో ఉందా అన్నది డబ్బు కట్టకముందే అడగాలి.