లాప్‌టాప్ పాడవలేదు, దారి తెలియలేదంతే!



ఈ మధ్య ఒక సోమవారం తొమ్మిదో తరగతి బాబు ఒకడు దిగులుగా నా దగ్గరికి వచ్చాడు. "మేడమ్, ఇంట్లో పైథాన్ వేసుకున్నాను. కమాండ్ కొడితే గుర్తించలేకపోతున్నానని మెసేజ్ వచ్చింది. లాప్‌టాప్ పాడైందనుకుని నాన్న షాపుకి తీసుకెళ్లారు. వాళ్లు ఫార్మాట్ చేశారు. చెల్లి పుట్టినరోజు ఫొటోలన్నీ పోయాయి" అన్నాడు. ఇంటికొచ్చి మళ్లీ పైథాన్ వేస్తే, మళ్లీ అదే మెసేజ్!

నిజానికి ఆ లాప్‌టాప్‌కి ఏమీ కాలేదు. పాత్ సెట్ చేయలేదు, అంతే.

పాత్ అంటే ఏమిటి? ఇంట్లో కత్తెర కావాలంటే మనం ఎక్కడ వెతుకుతాం? టీవీ కింద సొరుగులో, తర్వాత కుట్టుమిషన్ డబ్బాలో. అక్కడ లేకపోతే "కత్తెర లేదు" అనేస్తాం. అది బీరువాలో భద్రంగానే ఉంటుంది! కంప్యూటరూ అంతే. ఏయే ఫోల్డర్లలో వెతకాలో దాని దగ్గర ఒక జాబితా ఉంటుంది. దాని పేరే పాత్. ఇలాంటి సెట్టింగులను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు. పైథాన్ ఉన్న ఫోల్డర్ ఆ జాబితాలో లేకపోతే, కంప్యూటర్ దాన్ని గుర్తించలేదు.

విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి స్క్రీన్ అడుగున "యాడ్ టు పాత్" అనే చిన్న గడి ఉంటుంది. చాలామంది దానికి టిక్ పెట్టడం మరచిపోతారు. మరచిపోయినా ఫరవాలేదు. స్టార్ట్ మెనూలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అని వెతికి, పాత్ తెరిచి, "న్యూ" నొక్కి పైథాన్ ఫోల్డర్ చేర్చవచ్చు. అక్కడ ముందే ఉన్నవాటిని మాత్రం చెరపకూడదు. తర్వాత కమాండ్ విండో మూసి కొత్తగా తెరవాలి. పాత విండోకి ఈ మార్పు తెలియదు. ఒక్కోసారి పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. అది వైరస్ కాదు, కంగారుపడకండి.

మ్యాక్, ఉబుంటులలో ఈ మార్పులను హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాస్తాం. ఫోల్డర్ల పేర్ల మధ్య విండోస్‌లో సెమీకోలన్, వీటిలో కోలన్ పెట్టాలి. విండోస్‌లో సి డ్రైవ్ పేరులోనే కోలన్ ఉంది కదా, అందుకే అక్కడ వేరే గుర్తు కావాలి. వీటిలో కమాండ్ కూడా సాధారణంగా "పైథాన్ 3" అని కొట్టాలి. యూట్యూబ్‌లో విండోస్ వీడియో చూసి మ్యాక్‌లో ప్రయత్నించే పిల్లలు ఇక్కడే తికమకపడతారు.

ఇందులో మా తప్పూ ఉంది. ల్యాబ్‌లో సిస్టమ్స్ అన్నీ మేమే ముందుగా సిద్ధం చేసి ఉంచుతాం. సిలబస్ పూర్తి కావాలన్న తొందరలో నేనూ అదే చేశాను. అందుకే ల్యాబ్‌లో చకచకా ప్రోగ్రామ్ రాసే పిల్లలు ఇంట్లో మొదటి మెసేజ్‌కే ఆగిపోతున్నారు. ఇప్పుడు ఒక పీరియడ్ కేటాయించి పాత్‌ని వాళ్ల చేతే సెట్ చేయిస్తున్నాను. "దీనికి పరీక్షలో మార్కులు ఉండవు కదా మేడమ్" అని ఒక పేరెంట్ అడిగారు. ఉండకపోవచ్చు. కానీ ఎర్రర్ మెసేజ్‌ని భయపడకుండా చదవడం, కారణం వెతకడం, సరిచేసి మళ్లీ ప్రయత్నించడం రాకపోతే, ఎన్ని ప్రోగ్రాములు బట్టీపట్టినా కంప్యూటర్ వచ్చినట్టు కాదని నా అభిప్రాయం.

మీకు నా విన్నపం ఒక్కటే. ఇంట్లో ఇలాంటి మెసేజ్ వస్తే "ఏం చేసి పాడుచేశావ్?" అని అడగకండి. పక్కన కూర్చుని "అందులో ఏం రాసి ఉంది? చదువు" అనండి. మీకు కంప్యూటర్ రాకపోయినా ఫరవాలేదు. అప్పటికీ తేలకపోతే ఆ మెసేజ్ ఫొటో తీసి పాపతోనో బాబుతోనో నాకు పంపండి. షాపుకి తీసుకెళ్లక తప్పకపోతే, ముందు మీ ఫొటోలు ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.

ఆ బాబు మర్నాడు తన లాప్‌టాప్ తెచ్చాడు. నేను కీబోర్డు ముట్టుకోలేదు. వాడే పాత్ సెట్ చేసుకున్నాడు, పది నిమిషాల్లో.