కార్డు మీద ముఖం, యంత్రం మీద వేలు

రేషను కార్డు మీద ఫొటో ఎందుకని కొందరు సణుగుతుంటారు. ఉండాలనే మా మాట. బోగసు కార్డులు ఏరివేయడానికే ఉమ్మడి రాష్ట్రంలో 2005లో కంటిపాప ముద్రలు తీయడం మొదలైంది. దొంగ కార్డుకు పోయిన బియ్యం పేదవానివే గదా!

2015 నుండి డిపోల్లోకి వేలిముద్ర యంత్రాలు వచ్చాయి. చిక్కంతా అక్కడే. నిజాంపట్నం హార్బరులో వలలు లాగి, రొయ్యలు ఒలిచి అరిగిన వేళ్ళకు గీతలెక్కడివి? వయసు మీదపడితే చర్మం పలచబడి ముద్ర ఇంకా మసకబారుతుంది. యంత్రం కాదన్నంత మాత్రాన ఆ ముసలమ్మ వేరే మనిషి అయిపోదు. కార్డు మీద ఆమె ముఖముంది, డీలరుకు ఆమె ఇల్లూ తెలుసు. బియ్యం అందక పస్తుండి షుగరు మాత్ర మింగితే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదముంది. ఆ సంగతి యంత్రానికేం తెలుసు?

ఆధార్ సరిపోలలేదని రేషను నిరాకరించరాదని, వేరే గుర్తింపు చూసి ఇవ్వాలని కేంద్రం 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు రాసింది. కనుక మీ పెద్దవారిని ఒట్టి సంచితో తిప్పి పంపితే ఊరుకోకండి. కార్డులో పేరున్న మరొకరు వెళ్ళి వేలు పెట్టవచ్చు. ఒంటరివారైతే ఇరుగుపొరుగు తోడు వెళ్ళండి. అప్పటికీ ఇవ్వకుంటే తహసీల్దారు కార్యాలయంలో అర్జీ ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి.