నొప్పికి మందడిగితే సంచి కోసి పంపుతారా?

దేశంలో మన ఆంధ్రప్రదేశ్ ఒక లెక్కలో అందరికంటే ముందుంది. ఏ మంత్రీ ఈ సంగతి సభలో గొప్పగా చెప్పుకోడు. గర్భసంచి తీసేయించుకున్న ఆడవాళ్ళ లెక్క అది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో దేశం మొత్తం మీద నూటికి 3.3 మందికి గర్భసంచి లేదు. మన రాష్ట్రంలో నూటికి 8.7 మందికి లేదు. తెలంగాణలో 8.2 మందికి. అంతకు ముందు 2015-16 సర్వేలోనూ మనదే మొదటి స్థానం. ఇది ముసలివాళ్ళ లెక్క కాదు. బిడ్డల్ని కని, కయ్యల్లో నాట్లేసి, రొయ్యల గుంటల కాడ పనిచేసే వయసు ఆడవాళ్ళ లెక్క.

మన ఆడవాళ్ళ సంచులకే ఏదన్నా శాపముందా? ఇంతమందికి ఎందుకు తీస్తున్నారు?

మన వాడల్లో ఆడదాని కడుపు చరిత్ర నాలుగు మాటల్లో అయిపోద్ది. పెద్దమనిషి అయిన పిల్ల నెలనెలా మెలికలు తిరిగిపోతుంటే, "ఆడపుట్టుక పుట్టాక తప్పుద్దా, ఓర్చుకో" అంటారు. ఇంకో రెండేళ్ళకి, "పెళ్ళయితే అదే తగ్గుద్ది" అంటారు. పెళ్ళయినా తగ్గకపోతే, "ఒక కాన్పయితే సర్దుకుంటది" అంటారు. ఇద్దరు బిడ్డలు పుట్టి, పిల్లలాపరేషన్ కూడా అయ్యాక ఇంకా నొప్పే అంటే, "బిడ్డలు చాలు గదా, ఇంక ఆ సంచితో పనేముంది, తీసేయించుకో" అంటారు. ఓర్చుకో అన్న మాటకీ తీసేయించుకో అన్న మాటకీ మధ్య పదిహేనేళ్ళో ఇరవై ఏళ్ళో ఉంటాయి. అన్నేళ్ళలో ఇది ఏం జబ్బో చూద్దామని ఒక్కరన్నా అన్నారా? అడగాల్సిన ప్రశ్న అదే.

జబ్బుకు పేరుంది

ఆ నొప్పి వెనక ఉండే జబ్బుల్లో ముఖ్యమైనదాని పేరు ఎండోమెట్రియోసిస్. నోరు తిరగని పేరే. కానీ టీబీ అన్నా షుగరన్నా మన ముసలమ్మలు నేర్చుకోలేదా? ఇదీ నేర్చుకుందాం.

గర్భసంచి లోపలి గోడకు ఒక పొర ఉంటుంది. నెలనెలా అది దళసరి ఎక్కుతుంది. గర్భం నిలవకపోతే రాలి రక్తంతో బయటికి పోతుంది. అదే నెలసరి. కొందరిలో ఆ పొర లాంటిదే సంచికి బయట పెరుగుతుంది. అండాశయాల మీద, గొట్టాల మీద, పేగుల మీద, మూత్రసంచి మీద ఎక్కడైనా అంటుకోవచ్చు. నెలసరి వచ్చినప్పుడు అక్కడా వాపొస్తుంది, రక్తమూరుతుంది. ఆ రక్తానికి బయటికి పొయ్యే దారి లేదు. లోపలే పేరుకుంటుంది. మచ్చకట్టి పేగూ సంచీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అండాశయంలో పాత రక్తం చేరి గడ్డ కడితే దాన్ని డాక్టర్లు చాక్లెట్ సిస్టు అంటారు.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బు కాదు. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళలో సుమారు పదిమందిలో ఒకరికి, ప్రపంచం మీద 19 కోట్ల మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జబ్బు ఇదేనని తేలడానికి నాలుగు నుంచి పన్నెండేళ్ళు పడుతోందని కూడా ఆ సంస్థే చెబుతోంది. డబ్బూ చదువూ ఉన్నవాళ్ళకే అన్నేళ్ళు పడితే మన వాడ ఆడదానికి ఎన్నేళ్ళు పట్టాలి? మనకు తేలకముందే సంచి పోతోంది.

ఏది మామూలు, ఏది కాదు

నెలసరిలో కొంచెం నొప్పి మామూలే. పనికి పోనీకుండా, బడికి పోనీకుండా మంచాన పడేసే నొప్పి మామూలు కాదు. మాత్ర వేసుకున్నా లొంగని నొప్పి, ఏటికేడు పెరిగే నొప్పి మామూలు కాదు. ఆ రోజుల్లో దొడ్డికి పోతే, మూత్రానికి పోతే ప్రాణం పొయ్యేట్టు నొప్పెట్టడం, మొగుడితో కలిసినప్పుడు లోపల కోసినట్టుండటం, బయటికి చెప్పుకోలేని ఈ రెండూ ఈ జబ్బుకు ముఖ్యమైన గుర్తులు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా బిడ్డలు కలగకపోవడం కూడా దీని వల్ల కావచ్చు. గొడ్రాలని అత్త తిట్టే తిట్టు వెనక వైద్యం చెయ్యదగ్గ జబ్బు ఉండొచ్చు.

ఇంకొన్ని గుర్తులు వేరే జబ్బులవి కావచ్చు. ఏడు రోజులు దాటి రక్తం పోవడం, గంటకో గుడ్డ తడిసిపోవడం, పెద్ద పెద్ద గడ్డలు పడటం, నెల మధ్యలో మళ్ళీ కనపడటం, కలయిక తర్వాత రక్తం రావడం, 15 ఏళ్ళు వచ్చినా పెద్దమనిషి కాకపోవడం. ముట్లుడిగిన తర్వాత మళ్ళీ ఒక్క చుక్క కనపడినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి పోవాలి. అది క్యాన్సర్ గుర్తు కావచ్చు.

ఒక మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి. ఎండోమెట్రియోసిస్ మామూలు స్కానింగులో చాలాసార్లు కనపడదు. "స్కానింగు నార్మలే, నీకేం లేదు పో" అంటే నొప్పి అబద్ధమని అర్థం కాదు. ఆ యంత్రానికి దొరకలేదని అర్థం.

రెండు అంట్లు

ఈ నొప్పి ఇన్నేళ్ళు ఎందుకు బయటికి రాలేదు? మన భాషనే అడగండి. నెలసరిని ఏమంటాం? ముట్టు, అంటు, మైల, బహిష్టు. బహిష్టు అంటే బయట ఉండేది. మనల్ని ఊరు ఏమంది? అంటరానివాళ్ళు, ముట్టరానివాళ్ళు. మనల్నీ ఊరి బయటే ఉంచింది. ఊరికి బయట పల్లె, పల్లెలో ఇంటికి బయట ముట్టుది. మనువు ఒకే మాటతో రెండు గోడలు కట్టాడు. మొదటి గోడను కూల్చాలని మన మొగవాళ్ళు జెండా పట్టారు. రెండో గోడను ఇంట్లోనే కాపాడుకుంటున్నారు. అంటరానితనం ఒప్పుకోమని మైకులో అరిచినవాడు, ఇంటికొచ్చి పెళ్ళాం మూలన కూర్చుంటే ఎందుకు కూర్చుందని అడగడు.

అంటు అన్నాక దాని గురించి మాట్లాడటమే తప్పయింది. మాట్లాడకపోతే జబ్బు జబ్బుగా కనపడదు.

బడిలో పనిచేసేదాన్ని గనక ఒకటి చెప్తా. హాజరుపట్టీ చూస్తే తెలిసిపోద్ది. పై తరగతుల్లో కొందరు ఆడపిల్లలకు ప్రతి నెలా రెండు మూడు గైర్హాజర్లు వరసగా ఉంటాయి. అడిగితే "కడుపునొప్పి టీచర్" అంటారు, తల దించుకుంటారు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం స్వేచ్ఛ అని పథకం పెట్టి 7 నుంచి 12 తరగతుల పిల్లలకు నెలకు పది న్యాప్‌కిన్లు అంది. మంచిదే. రక్తానికి గుడ్డ ఇచ్చారు. నొప్పి సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. గైర్హాజరు వెనక జబ్బుందేమో చూడమని ఏ కాగితమూ బడికి రాలేదు.

నాలాంటి ఉద్యోగస్తురాలు సెలవు పెట్టుకుంటుంది. బీహార్‌లో 1992 నుంచి ప్రభుత్వ ఉద్యోగినులకు ఇందుకోసమే నెలకు రెండు రోజుల సెలవుంది. నాట్లేసే అక్కకు సెలవెవరిస్తారు? పోకపోతే కూలి పోయె. అందుకే ఆర్ఎంపి దగ్గర నొప్పి సూది పొడిపించుకుని బురదలో దిగుతుంది.

సంచి ఎవరికి లాభం?

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదోడికి పెద్దాసుపత్రి గడప తొక్కే హక్కొచ్చింది. దాన్ని తప్పుపట్టను. కానీ కార్డు మీద డబ్బు వచ్చేది ఆపరేషన్‌కి. నొప్పి విని, నెలనెలా మందు మార్చి, ఓపిగ్గా చూసే వైద్యానికి అట్లా డబ్బు రాదు. కొయ్యడానికి డబ్బిస్తే కొయ్యడమే జరుగుతుంది. మన రాష్ట్రంలో అక్కరలేని గర్భసంచి ఆపరేషన్ల మీద డాక్టర్లు కామేశ్వరి, ప్రకాష్ వింజమూరి ఊళ్ళు తిరిగి లెక్కలు తీశారు. డాక్టర్లే డాక్టర్ల తప్పును బయటపెట్టారు.

ఇది మన ఒక్క రాష్ట్రం గోల కాదు. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు కొట్టే ఆడకూలీల సంచులు పెద్దఎత్తున తీసేస్తున్నారని 2019లో దేశమంతా తెలిసింది. రోజు పని పోతే మేస్త్రీకి జరిమానా కట్టాలి గనక, నెలసరే లేకపోతే పోయిందని వాళ్ళే ఒప్పుకున్నారు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన ఇటువంటి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు పోయారు. 2023 ఏప్రిల్‌లో తీర్పొచ్చింది. అక్కరలేని ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం 2022లో రాసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చెయ్యాలని కోర్టు చెప్పింది. ఆ ఆపరేషన్లలో ఎక్కువగా బలైంది దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాల ఆడవాళ్ళేనని ఆ కేసులోనే ఉంది. ఎవరి ఒళ్ళు చవకో కత్తికి తెలుసు.

కొన్ని జబ్బుల్లో సంచి తియ్యక తప్పదు. క్యాన్సర్ వస్తే తియ్యాలి. ఏ మందుకీ ఆగని రక్తస్రావానికి కూడా తియ్యాల్సి రావొచ్చు. దాన్ని కాదనడం లేదు. "తీయించుకోకపోతే క్యాన్సరయిపోద్ది" అని బెదిరించి సంతకం పెట్టించుకోవడాన్ని కాదంటున్నా. ఎండోమెట్రియోసిస్ పెరిగేదే సంచికి బయట. బయటి దాన్ని వదిలేసి సంచి ఒక్కటే తీస్తే నొప్పి మిగిలే ఉండొచ్చు. సంచీ పోయె, నొప్పీ పోకపోయె, తెచ్చిన అప్పుకు వడ్డీ పెరిగె. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఏళ్ళ ఆడది ఒక్క రోజులో ముట్లుడిగినదవుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు. అప్పుడు కయ్యలో వంగే నడుమెవరిది?

మందు మన గడపలోనే ఉంది

ఎండోమెట్రియోసిస్‌ను పూర్తిగా పోగొట్టే మందు ఇంకా లేదు. కానీ అదుపు చేసే వైద్యం ఉంది. మొదట ఐబుప్రొఫెన్, మెఫనమిక్ యాసిడ్ లాంటి నొప్పి మాత్రలు, డాక్టరు చెప్పిన మోతాదులో, తిన్న తర్వాత. తర్వాత హార్మోను మాత్రలు, సూదులు. వాటికీ లొంగకపోతే చిన్న రంధ్రం వేసి లోపల పెరిగిన దాన్ని మాత్రమే తీసే ఆపరేషన్.

ఆ హార్మోను మాత్రలు యాడ దొరుకుతాయి? మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ గర్భనిరోధక మాత్ర ఆ జాతిదే. 2017 నుంచి ప్రభుత్వం ఇస్తున్న అంతర సూదిలోని మందునూ డాక్టర్లు ఈ నొప్పికి వాడతారు. బీపీ, రక్తం గడ్డకట్టే జబ్బు, ఒక రకం తలనొప్పి ఉన్నవాళ్ళకు ఆ మాత్ర పడదు గనక డాక్టరు చూసే ఇవ్వాలి, సొంతంగా మింగకూడదు. కానీ చూసి ఇచ్చేదెవరు? మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి 69.6 మంది పిల్లలాపరేషన్ చేయించుకున్నవాళ్ళే. వాళ్ళకు ఆ మాత్ర అక్కరలేదని రిజిస్టరు చెబుతుంది. పెళ్ళికాని పిల్ల అడిగితే ఊరంతా వేలు చూపిస్తుంది. సర్కారు మన పుట్టుకలు తగ్గించడానికి ఆ మాత్ర తెచ్చింది. మన నొప్పి తగ్గించడానికీ అది పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మనం చెయ్యాల్సింది

ఈ జిల్లా ఆడవాళ్ళకు ఉద్యమం ఎట్లా పుడుతుందో ఒకరు చెప్పనక్కర్లేదు. దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతూ సారా దుకాణం ఎందుకుండాలని అడిగింది మనవాళ్ళే. 1992లో జిల్లా అంతా లేచింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో ఆడకూలీల ప్రసూతి సెలవు బిల్లు తరఫున మాట్లాడాడు. ఆడదాని ఒంటి సంగతి ఆయనకు సిగ్గు కాలేదు. ఆయన ఫొటోకు దండేసే సంఘాలకు ఎందుకు సిగ్గు?

కాబట్టి బిట్రగుంట, బోగోలు, జువ్వలదిన్నె సంఘాలన్నీ ఈ డిమాండ్లు రాసుకోవాలి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలకు రెండు రోజులు ఆడ డాక్టరు ఈ జబ్బులకే కూర్చోవాలి. నొప్పి మాత్రలూ హార్మోను మాత్రలూ వైద్యంగా ఇవ్వాలి. ఆశ వర్కర్లకు ఈ గుర్తులు నేర్పాలి.

40 ఏళ్ళ లోపు ఎవరికి గర్భసంచి తియ్యాలన్నా ఇద్దరు డాక్టర్లు కారణం రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితం తెలుగులో మన చేతికివ్వాలి. జిల్లాలో ఏ ఆసుపత్రి ఎన్ని సంచులు తీసిందో ఏటా బయటపెట్టాలి.

బడిలో నెలనెలా పడిపోయే పిల్లను ఇంటికి పంపడం కాదు, ఆసుపత్రికి పంపాలి.

అక్కలారా, ఎవరన్నా సంచి తియ్యాలంటే మూడు ప్రశ్నలు అడగండి. నా జబ్బు పేరేంది? మందులతో చూశారా? అండాశయాలు ఉంచుతారా? జవాబు చెప్పకపోతే సంతకం పెట్టొద్దు. రైలెక్కి కావలికో నెల్లూరుకో పోయి సర్కారు ఆసుపత్రిలో ఇంకో డాక్టరుకు చూపించుకోండి. ఒంటరిగా పోవద్దు, ఇద్దరు ముగ్గురు కలిసి పోండి. తేదీ వేసి, నొప్పి ఎన్నాళ్ళుందో, రక్తం ఎన్నాళ్ళు పోయిందో ఒక నోటుపుస్తకంలో రాసి పట్టుకుపోండి. రాయడం రాకపోతే బడికొచ్చే బిడ్డ చేత రాయించండి.

అన్నలారా, మీరు ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించండి, డాక్టరు గదిలో పక్కన నిలబడండి.

ఓర్చుకోవడం మన కులానికి వాళ్ళు నేర్పిన పాఠం. కులం విషయంలో ఆ పాఠం ఎప్పుడో చింపేశాం. కడుపునొప్పి విషయంలోనూ చింపేద్దాం.

జై భీమ్!