రాజశేఖరుడు చెప్పని ఐదవవాడు

పదవ శతాబ్ది నాటి రాజశేఖరుడు తన 'కావ్యమీమాంస'లో కావ్యం చదివి విలువ కట్టే భావకులను నాలుగు తెగలుగా విభజించాడు. ఏదీ రుచించనివాడు అరోచకి. గడ్డీ గాదరా అని చూడక అంతా మ్రింగివేసేవాడు సతృణాభ్యవహారి. పరుల గుణాన్ని ఓర్వలేనివాడు మత్సరి. పక్షపాతం లేకుండా లోతు చూచేవాడు తత్త్వాభినివేశి. ఈ చివరివాడు వేయిమందిలో ఒక్కడు దొరికితే గొప్ప అని కూడా ఆయనే అన్నాడు. పండిత శిక్షణ రోజులలో ఈ నాలుగు పేర్లనూ పరీక్ష కోసం వల్లె వేశాను. ఉద్యోగ విరమణ తరువాత పుస్తక సమీక్షలు వ్రాయడం వ్యసనమయ్యాక, ఆ జాబితాలో ఒకడు తక్కువైనాడని నాకు అనిపించసాగింది. వాడు మొహమాటస్థుడు. రాజశేఖరుని తప్పు లేదు. ఆయన కాలంలో అచ్చుయంత్రం లేదు, ఆవిష్కరణ సభ లేదు, శాలువా లేదు, 'చదివారా సార్?' అని రాత్రి తొమ్మిదింటికి మ్రోగే ఫోను లేదు.

నేడు తెలుగులో వెలువడే సమీక్షలలో హెచ్చుభాగం ఈ ఐదవవాడు వ్రాసేవేనని నా అభిప్రాయం. మీలో సమీక్షలు వ్రాసే మిత్రులు నొచ్చుకోకండి, కాస్త వినండి.

మా చాగలమర్రి కర్నూలు నుంచి కడపకు పోయే రహదారి మీది ఊరు. ఇటు ఆళ్ళగడ్డ, అటు మైదుకూరు. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మేము నంద్యాల జిల్లాలోకి వచ్చాము గాని, పుస్తకాల లెక్కలో కడప, ప్రొద్దుటూరు మాకు పరాయివి కావు. ఇటువంటి చోట రచయితకూ సమీక్షకునికీ నడుమ దూరమన్నది ఉండదు. కవి నా దగ్గర చదువుకున్నవాడై ఉంటాడు, లేదా నాతో కలిసి పనిచేసిన ఉపాధ్యాయుడై ఉంటాడు, అదీ కాదంటే వియ్యపురాలి తమ్ముడై ఉంటాడు. పుస్తకం ఒంటరిగా రాదు, మనిషితో వస్తుంది. మనిషితోబాటు అరకిలో మిఠాయి వస్తుంది. కాఫీ త్రాగిన తరువాత ఆయన మొదటి పుట తెరచి, 'పూజ్యులు, గురుతుల్యులు' అని నా పేరు వ్రాసి, సంతకం చేసి, రెండు చేతులతో అందిస్తాడు. 'తీరిక చూసుకొని నాలుగు మాటలు వ్రాయండి సార్' అంటాడు. ఆ నాలుగు మాటలు ఎటువంటివై ఉండాలో ఇద్దరికీ తెలుసు.

ఇందులో రచయితను నిందించలేను. తెలుగులో, ముఖ్యంగా కవిత్వం విషయంలో, వ్రాసినవాడే ప్రచురణకర్త, వ్రాసినవాడే అమ్మకందారు. ఐదువందల ప్రతులు వేయించడానికి ఇంట్లో చెప్పకుండా భవిష్యనిధి నుంచి అప్పు తీసిన ఉపాధ్యాయులు నాకు తెలుసు. అచ్చైన పుస్తకాలు కట్టలు విప్పకుండా మంచం క్రింద ఉంటాయి. వాటిలో కొన్ని పత్రికలకు 'సమీక్షార్థం రెండు ప్రతులు' లెక్కన పోతాయి. చవకగా పుస్తకాలు పంపుకొనే వీలు కల్పించిన రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తివేశాక ఆ పంపకం కూడా బరువైంది. పూర్వం కవి కావ్యాన్ని అంకితమిస్తే కృతిభర్త సత్కరించేవాడు. పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను నంద్యాల కృష్ణభూపతికి అంకితమిచ్చాడు. నేటి కవి తానే ఖర్చు పెట్టుకొని, తానే మోసుకొని వచ్చి, తానే సత్కరించి, ఒక్క మంచిమాట కోసం ఎదురుచూస్తాడు. అటువంటివాని ఎదుట 'బాగులేదు' అన్న మాట గొంతు దాటి రావడం కష్టం. ఉచితంగా వచ్చిన పుస్తకానికి వెల లేదనుకుంటాము. దాని వెల మన అభిప్రాయమే.

ఈ మొహమాటం ఒక ప్రత్యేకమైన భాషను కూడా పుట్టించింది. కవి అనుభవాలను 'అక్షరీకరిస్తాడు'. కవిత 'గుండెను తడుముతుంది'. కథకుడు 'సమాజంలోని రుగ్మతలను ఎండగడతాడు'. 'ముఖచిత్రం ఆకర్షణీయంగా ఉన్నది'. ఒక లోపమైనా చూపకపోతే నిష్పాక్షికత అనిపించుకోదు గనుక, చివరి వాక్యానికి ముందు 'అక్కడక్కడ ముద్రారాక్షసాలు దొర్లాయి' అని ఒక మాట. కవి క్షేమం, సమీక్షకుడు క్షేమం. అక్షరాలు కూర్చిన కుర్రవాడొక్కడే దోషి. ఇటువంటి సమీక్ష వ్రాయడానికి పుస్తకం చదవనక్కర లేదు, ముందుమాటలు చాలు. వాటికి కొదవ ఉండదు కదా! ఎనభై పుటల సంపుటికి నలుగురు పెద్దలు వ్రాస్తారు, ఐదవవారి ఆశీస్సు వెనుక అట్ట మీద ఉంటుంది. పాఠకుడు తొలి కవితను చేరేసరికి, పెళ్ళిపందిట్లో ఉపన్యాసాలు విన్నవానిలా అలసిపోతాడు.

తెలుగులో గ్రంథవిమర్శ ఇలా పుట్టలేదు. చిన్నయసూరి 'నీతిచంద్రిక'ను మిత్రలాభ, మిత్రభేదాలతో ఆపగా, విగ్రహ భాగాన్ని కొక్కొండ వేంకటరత్నం పంతులుగారు, కందుకూరి వీరేశలింగం పంతులుగారు వేరువేరుగా వ్రాశారు. 1870ల దశకంలో వీరేశలింగంగారు కొక్కొండవారి గ్రంథాన్ని పట్టుకొని 'విగ్రహతంత్ర విమర్శనము' చేశారు. వైరం 'హాస్యవర్ధని', 'హాస్యసంజీవని' అనే రెండు పరిహాస పత్రికల దాకా సాగింది. అందులో మత్సరి పాలు లేదనను. అయినా ఎదుటి పండితుని పుస్తకాన్ని ఇంత శ్రద్ధగా తప్పుపట్టడానికి ముందు ఇంత శ్రద్ధగా చదవాలి కదా! ఆ చదువు నాకు ముచ్చట గొలుపుతుంది.

ఆ తరువాత 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారి 'కవిత్వతత్త్వ విచారము' వచ్చింది. నంద్యాల పేరుతో ముడిపడిన ఆ 'కళాపూర్ణోదయము'నే ఆయన పరీక్షకు పెట్టారు. సూరన కల్పనాశక్తిని తలకెత్తుకుంటూనే, నచ్చనిచోట నచ్చలేదన్నారు; తక్కిన ప్రబంధకవుల వర్ణనల మోతను ఉతికి ఆరవేశారు. పండితలోకం మండిపడింది. నిజానికి ఆ తీర్పులలో కొన్నింటితో నేటికీ నాకు పేచీ ఉన్నది. అయితే ఎవరైనా ఒక మాట అనవచ్చు: కీర్తిశేషుడైన కవిని విమర్శించడానికి ధైర్యమెందుకు, సూరన వచ్చి మన అరుగు మీద కూర్చోడు కదా అని. ఆ మాటలో నిజం ఉన్నది. అందుకే నాకు రారా మరింత ముఖ్యుడు.

రాచమల్లు రామచంద్రారెడ్డిగారు (1922–1988) మా పొరుగున కడప జిల్లావారు. 1968లో కడప నుంచి 'సంవేదన' అనే త్రైమాసికను ప్రారంభించారు. కొద్ది సంచికలకే అది ఆగిపోయింది. 'అనువాద సమస్యలు' గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది గాని, సాహితీపరులు ఆయనను తలచుకొనేది నిర్మొహమాటానికే. బ్రతికి ఉన్నవారిని, పేరున్నవారిని, తనకు కావలసినవారిని కూడా ఆయన విడిచిపెట్టలేదు. ఆయన మార్క్సిస్టు, నేను ఛందస్సు వల్లించిన పండితుణ్ణి. మా తూకపురాళ్ళు వేరు. అయినా ఆయన తీర్పు వెంట కారణం ఉండేది. కారణం చెప్పినవానితో పోట్లాడవచ్చు, నెగ్గవచ్చు, ఓడనూవచ్చు. 'కవి అభినందనీయుడు' అన్నవానితో ఏమని పోట్లాడుతాము?

పుస్తకాన్ని నాలుగైదు పుటలు తరచి చూడడానికి 'భారతి' వంటి పత్రిక ఉండేది. 1924లో మొదలైన ఆ మాసపత్రిక 1991లో ఆగిపోయింది. ఇప్పుడు దినపత్రికలలో పుస్తకానికి దొరికే చోటు అరచేతి వెడల్పు. అంత చోటులో పొగడవచ్చు, తిట్టవచ్చు. కారణం చెప్పడానికి మాత్రం చోటు చాలదు.

ఇన్ని చిక్కులుండగా ఎందుకు వ్రాస్తున్నావని మా ఇంటావిడ అడుగుతూనే ఉంటుంది. పెన్సిలు చేతబట్టి చదవడంలో ఒక సుఖం ఉన్నది, అది వట్టి చదువులో రాదు. ముప్పై ఏళ్ళు బడిలో 'నాగలి' అని పాఠం చెప్పాను; ఎదుట కూర్చున్న పిల్లలందరి ఇళ్ళలోనూ అది 'మడక'. ఆ మధ్య ఒక కొత్త రచయిత్రి కథలో మడక, గొర్రు, గుంటక మూడూ వచ్చాయి. క్రింద అర్థాలిచ్చే గీత లేదు, కొటేషన్లు లేవు, క్షమాపణ లేదు. చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాను. ఆ కథలో ముగింపు తేలిపోయింది, అదీ వ్రాశాను. కొన్ని రోజులకు ఒక ఆర్టీసీ కండక్టరు, 'ఆ మడక కథ ఉన్న పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?' అని నన్ను వెదుక్కుంటూ వచ్చాడు. ముగింపు బాగులేదని వ్రాశాను కదా అంటే, 'అందుకే సార్, తక్కినదంతా బాగుందని చెప్పినది నమ్మినాను' అన్నాడు. నేను వ్రాసేది ఆ మనిషి కోసం. నూరో నూటయాభయ్యో జేబులోంచి తీసి కొనబోయేవాడు ఆయన.

ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పులు రాతిని కొనే ముందు సుత్తితో తట్టి వింటారు. లోపల చీలిక ఉంటే నాదం మారుతుంది. ఈ రాయి పనికిరాదని గనివానితో ముఖాముఖి చెబుతారు. గనిని అవమానించారని ఎవరూ అనరు. చీలిక ఉన్న రాతికి ముక్కు, చెవులు చెక్కినాక తెలిస్తే నష్టం ఎవరికో అందరికీ తెలుసు గనుక.

అయితే రాయి వేరు, మనిషి వేరు. కొన్నేళ్ళ క్రితం నా పూర్వ విద్యార్థి ఒకడు తొలి కవితాసంపుటి తెచ్చి ఇచ్చాడు. నాపరాళ్ళ గనిలో పనిచేసిన తండ్రికి పుట్టినవాడు, ఆ ఇంట అక్షరం నేర్చిన మొదటివాడు. అరవైకి పైగా కవితలు. తండ్రి దగ్గు మీద, గని దుమ్ము మీద వ్రాసిన మూడు కవితలు నిజమైనవి. తక్కినవి పేరున్న కవుల గొంతుకు ప్రతిధ్వనులు. విప్లవం, వెన్నెల, వలస, అన్నీ ఎక్కడో విన్నట్లే ఉన్నాయి. ఆ మూడింటి గురించి ఒక పుట నిండా వ్రాశాను, తక్కినవి ఎందుకు నిలువలేదో ఉదాహరణలతో వ్రాశాను. అతడు ఫోను చేసి, 'మీరే ఇట్లా వ్రాస్తే నా మొగం ఇంకెవరు చూస్తారు సార్?' అన్నాడు.

సమీక్షకునికి ఇంతకంటే బరువైన ప్రశ్న లేదు. పుట్టినప్పటి నుంచి తలుపులు మూసి ఉన్న ఇంటివానికి మొదటి తలుపు దగ్గర నిలబడి నేను లెక్కలడిగినట్లు అతనికి తోచింది. నా జవాబు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. జాలితో వేసిన మార్కు విద్యార్థిని పై తరగతికి పంపుతుంది గాని, పాఠం నేర్పదు. తాతముత్తాతలు పండితులైనవాని పద్యంలో యతి తప్పితే పట్టుకొని, ఇతని కవితను మాత్రం 'పాపం, వ్రాశాడు కదా' అని మెచ్చుకుంటే, ఇతని నుంచి ఇంతకంటే ఆశించనక్కర లేదని చెప్పినట్లు. అంతకు మించిన చిన్నచూపు ఉన్నదా?

అతడు మళ్ళీ మా ఇంటికి రాలేదు. రెండవ సంపుటి నాకు పంపలేదు. ప్రొద్దుటూరులో నూట ఇరవై రూపాయలకు కొనుక్కున్నాను. అందులో గని మీద, తండ్రి మీద పదకొండు కవితలున్నాయి. నా మాట విన్నాడని అనుకోను, తనకే తోచి ఉంటుంది. ఆ పుస్తకం గురించి కూడా వ్రాశాను. అతడు చదివాడో లేదో.

నచ్చని పుస్తకం మీద ఏమీ వ్రాయకుండా ఊరుకోవడమే మర్యాద అని చాలామంది మిత్రులు వాదిస్తారు. చూడడానికి ఇది సభ్యంగానే ఉన్నది. కాని ఆ మౌనం నాసి పుస్తకం మీద, చదవకుండా అటక ఎక్కించిన పుస్తకం మీద, మంచిదై కూడా ఎవరికంటా పడని పుస్తకం మీద ఒకే తీరుగా పడుతుంది. తన పుస్తకం ఈ మూడింటిలో ఏదో రచయితకు ఎలా తెలియాలి? మనుమల కోసం తాతగారు అచ్చు వేయించిన జ్ఞాపకాల మీద, బడిపిల్ల తొలి పద్యాల మీద ఊరుకోవడం ధర్మమే. వెల వేసి బజారులో పెట్టినదానికి ఆ మినహాయింపు ఎందుకు? ఇక అధికారుల, నాయకుల కవిత్వం సంగతి చెప్పనక్కర లేదు. అక్కడ మొహమాటానికి భయం కూడా తోడవుతుంది, విశేషణాలు రెట్టింపవుతాయి.

నాకు నేను పెట్టుకున్న కట్టుబాట్లు ఎక్కువ లేవు. ఆవిష్కరణ సభలో మాట్లాడిన పుస్తకాన్ని సమీక్షించను. శాలువా కప్పించుకున్న భుజంతో తక్కెడ పట్టడం కుదరదు. ముందుమాట వ్రాసినదాన్ని సమీక్షించను. బాగున్నదన్నా, బాగులేదన్నా పుస్తకంలోంచి చోటు చూపకుండా అనను. ఇంతే.

పుస్తకాలు పంపదలచినవారికి ఒక విన్నపం. రెండు ప్రతులు వద్దు, ఒకటి చాలు. రెండవది మీ ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి. మిఠాయి వద్దు, నాకు చక్కెర వ్యాధి. లోపల నా పేరు వ్రాయకండి. పేరు లేని ప్రతి అయితే చదివిన తరువాత ఆ కండక్టరుకు ఇస్తాను. ఈ నెలలో రెండుసార్లు అడిగాడు.