జోలె నిండిన తర్వాత

మంగినపూడి బీచిలో ఆదివారంపూట అలలు చూస్తే ముచ్చటేస్తుంది. ఆ సముద్రమే 1864లో బందరును ముంచి సుమారు 30 వేలమందిని పొట్టనపెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడింది. సర్కారు లెక్కే పదివేల దరిదాపుల్లో ఉంది.

తెలుగువాళ్ల మనసు కరిగింది. ఎన్టీఆర్, ఏయన్నార్ అంతటివాళ్లు విరాళాల కోసం జనంలోకి వచ్చారు. మండలి వెంకట కృష్ణారావు బాధితుల సేవే పనిగా పెట్టుకున్నారు. బియ్యం, బట్టలు, డబ్బు... ఎవరికి తోచింది వాళ్లిచ్చారు. బియ్యం నాలుగు రోజుల్లో అయిపోతాయి. అయినా ఇవ్వాల్సిందే, ఆకలి ఆగదుగా!

నిలిచింది మాత్రం కాంక్రీటు. సర్కారుతోపాటు స్వచ్ఛంద సంస్థలూ తీరంలో తుపాను షెల్టర్లు కట్టాయి. 1990 మేలో మళ్లీ పెనుతుపాను వచ్చింది. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లోనే తీరం దాటింది. ఈసారి లక్షమందికి పైగా ముందే ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్లు వేయికి లోపు. హెచ్చరికలు, లారీలు, అధికారులు... అందరి చెయ్యీ ఉంది అందులో. కానీ లారీ ఎక్కించినవాళ్లను దించడానికి ఒక చోటుండాలి కదా!

గాలీవానా లేని రోజుల్లో కొన్ని షెల్టర్లలో పిల్లలకు పాఠాలు చెప్పారు. ఇంకొన్ని ఉప్పుగాలికి పెచ్చులూడాయి. వాటిని బాగుచేయించడానికి జోలె పడితే చిల్లర రాలడం కష్టం. పేపర్లో శవాల ఫొటోలు లేవు మరి.